కొన్ని హక్కులు నావి, మిగతావి మీవి

కథ, ఫొటో, పాట, పాఠం... దేన్నయినా పదిమందికీ పంచిపెట్టొచ్చు. కానీ ఏది ఇచ్చారో, ఏది అట్టిపెట్టుకున్నారో చెప్పకపోతే ఇచ్చినవారికీ చిక్కే, పుచ్చుకున్నవారికీ చిక్కే. ఆ ముడి విప్పేందుకు పుట్టినవే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు

అది 1909 నవంబరు. లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళుతున్న కిల్డోనన్ కాసిల్ అనే ఓడలో ఒక గుజరాతీ బారిస్టరు ఏకబిగిన ఒక పుస్తకం రాశారు. కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చేత్తో రాశారు. ఆ పుస్తకమే హింద్ స్వరాజ్. మరుసటి ఏడాది మార్చిలో బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. గాంధీ ఊరుకోలేదు. తానే ఇంగ్లీషులోకి అనువదించి, ఫీనిక్స్‌లోని ప్రెస్సు ద్వారా వెలువరించారు. ఆ ఇంగ్లీషు ప్రతి మీద మూడే మూడు ఇంగ్లీషు మాటలు అచ్చయ్యాయి. వాటి అర్థం: 'ఏ హక్కులూ అట్టిపెట్టుకోలేదు'.

మన ఇళ్లలో ఉన్న తెలుగు పుస్తకాల్లో ఏదో ఒకటి తెరవండి. మొదటి పేజీల్లో కనిపించే మాట దీనికి సరిగ్గా ఎదురు: 'సర్వహక్కులూ రచయితవి'. అన్నీ నావే అనేది ఒక కొస. ఏవీ నావి కావనేది మరో కొస. గాంధీ కూడా ఆ రెండో కొసన నిలిచిపోలేదు. తర్వాతి కాలంలో తన రచనల హక్కులను నవజీవన్ ట్రస్టుకు అప్పగించారు. ఆయన మరణించిన 60 ఏళ్లకు, 2008 చివరితో ఆ హక్కుల గడువు తీరింది.

ఈ రెండు కొసల మధ్య నిలబడే చోటు లేదా? 'నా కథను ఎవరైనా అచ్చువేసుకోండి, నా పేరు మాత్రం తీసేయకండి' అని అనాలనుకునే రచయిత ఏం చేయాలి? 'నా ఫొటోను బళ్లో వాడుకోండి, వ్యాపార ప్రకటనకు మాత్రం వద్దు' అనాలనుకునే ఫొటోగ్రాఫరు ఎక్కడ సంతకం పెట్టాలి? రెండు దశాబ్దాలకు పైగా ఈ ప్రశ్నలకు దొరుకుతున్న జవాబే బహిరంగ లైసెన్సు.

మౌనం అంగీకారం కాదు

ముందు చట్టం సంగతి. మన దేశంలో అమల్లో ఉన్నది 1957 నాటి కాపీరైటు చట్టం. దీని ప్రకారం హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాగితం మీద కవిత రాసిన క్షణంలోనే, సెల్‌ఫోనుతో ఫొటో తీసిన క్షణంలోనే దాని మీద హక్కు పుడుతుంది. అడక్కపోయినా వస్తుంది. కాపీరైటు గుర్తు పెట్టకపోయినా ఉంటుంది.

ఆ హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు సాగుతుంది. ఒకప్పుడిది 50 ఏళ్లే. 1941లో కన్నుమూసిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు 1991 చివరితో ముగియబోతున్న తరుణంలో కేంద్రం గడువును మరో పదేళ్లు పెంచింది. దాంతో ఆయన రచనలు 2002 జనవరి 1న గానీ జనం సొత్తు కాలేదు. తెలుగులో చూస్తే 1915లో మరణించిన గురజాడ అప్పారావు కన్యాశుల్కాన్ని నేడు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరి దాకా, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా హక్కుదారులుంటారు.

సొమ్ము చేసుకోవాలనుకునేవారికి ఈ రక్షణ అవసరమే. పంచుకోవాలనుకునేవారికి మాత్రం ఇదే అడ్డు. ఎందుకంటే మౌనం అర్ధాంగీకారం అనే సామెత కాపీరైటు చట్టానికి వర్తించదు. ఇక్కడ మౌనమంటే 'కుదరదు' అనే. ఇంటర్నెట్‌లో ఉంది కదా అని తీసుకున్నవాడు చట్టం దృష్టిలో దొంగే. 'వాడుకుంటే నాకేం అభ్యంతరం?' అని యజమాని మనసులో అనుకున్నా, ఆ మాట అవతలివారికి తెలిసే దారి లేదు.

కోర్టులో ఓడి, బయట గెలిచి

ఈ చిక్కుకు విరుగుడు ఓ ఓడిపోయిన కేసు నీడలో పుట్టింది. ఎరిక్ ఎల్‌డ్రెడ్ అనే అమెరికన్ కాపీరైటు తీరిన పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టేవారు. కవి రాబర్ట్ ఫ్రాస్ట్ 1923లో వెలువరించిన సంపుటి కూడా త్వరలో జనానికి దక్కుతుందని ఆయన ఎదురుచూశారు. ఇంతలో 1998లో అమెరికా కాంగ్రెస్ కాపీరైటు గడువును ఏకంగా మరో 20 ఏళ్లు పెంచేసింది. ఎల్‌డ్రెడ్ కోర్టుకెక్కారు. స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెసిగ్ ఆయన తరఫున వాదించారు. 2003 జనవరి 15న సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ వాదనను తోసిపుచ్చింది.

కానీ తీర్పు వచ్చేదాకా వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చట్టాన్ని మార్చలేకపోతే, ఆ చట్టం ఇచ్చిన హక్కుతోనే దారి వేయొచ్చు కదా అనుకున్నారు. హక్కు నాదైతే దానిలో కొంత ముందుగానే అందరికీ ఇచ్చే స్వేచ్ఛా నాదే. 2001లో లెసిగ్, ఎల్‌డ్రెడ్, ఎంఐటీ ఆచార్యుడు హాల్ ఏబెల్సన్ తదితరులు క్రియేటివ్ కామన్స్ సంస్థను స్థాపించారు. 2002 డిసెంబరులో తొలి లైసెన్సులు విడుదలయ్యాయి. 'సర్వహక్కులూ' అన్నచోట 'కొన్ని హక్కులు' అనడమే వాటి నినాదం. ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. సాఫ్ట్‌వేర్ రంగంలో రిచర్డ్ స్టాల్‌మన్ 1989 నాటికే జీపీఎల్ అనే లైసెన్సుతో ఇలాంటి బాట వేశారు. దాన్ని కథకూ పాటకూ బొమ్మకూ పనికొచ్చేలా మలచడమే వీళ్లు చేసిన పని.

నాలుగు షరతులు, ఆరు లైసెన్సులు

లైసెన్సుల పేర్లు చూసి బెదరనక్కర్లేదు. అన్నిటికీ మూలం నాలుగు షరతులే. మొదటిది బీవై, అంటే సృష్టికర్త పేరు చెప్పాలి. రెండోది ఎస్‌ఏ: నా దాన్ని మార్చి కొత్తది చేస్తే, దాన్నీ ఇదే లైసెన్సుతో లోకానికివ్వాలి. మూడోది ఎన్‌సీ: వ్యాపార ప్రయోజనానికి వాడకూడదు. నాలుగోది ఎన్‌డీ: పంచొచ్చు గానీ మార్చిన రూపాన్ని పంచకూడదు.

పేరు చెప్పడం ఆరు లైసెన్సుల్లోనూ తప్పనిసరి. ఒక్క బీవై మాత్రమే ఉంటే అది అన్నిటికన్నా ఉదారమైనది. అమ్ముకోవచ్చు, అనువదించొచ్చు, సినిమా తీయొచ్చు. బీవై-ఎస్‌ఏ అంటే తాను పుచ్చుకున్న స్వేచ్ఛను ముందువాడికీ అందించాలన్నమాట. బీవై-ఎన్‌సీ, బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ, బీవై-ఎన్‌డీ మధ్యలోవి. బీవై-ఎన్‌సీ-ఎన్‌డీ అన్నిటికన్నా బిగుతైనది. ఉన్నదున్నట్టు, లాభాపేక్ష లేకుండా పంచడం తప్ప మరేమీ చేయనివ్వదు. ఈ ఆరూ కాక, హక్కులన్నీ వదిలేసుకునేందుకు సీసీ జీరో అనే పత్రం ఉంది. గాంధీ మూడు మాటలకు నేటి రూపం అదేననుకోవచ్చు.

ఎస్‌ఏకీ ఎన్‌డీకీ ఎందుకు జోడీ కుదరదో ఆలోచిస్తే ఇట్టే అర్థమవుతుంది. మార్చనివ్వనప్పుడు మార్చినదాని లైసెన్సు గురించి షరతు పెట్టే పనేముంది? ప్రస్తుతం వాడుతున్నది 2013 నవంబరులో వచ్చిన 4.0 రూపం. దేశదేశానికీ వేరుగా రాయక్కర్లేకుండా ఎక్కడైనా చెల్లేలా దీన్ని తీర్చారు. ఇందులో ఓ దయగల అంశముంది. షరతు తప్పితే వాడుకునే హక్కు పోతుంది. కానీ తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే ఆ హక్కు దానంతటదే తిరిగొస్తుంది.

పిల్లల కథలు చెప్పే నిజం

ఇదంతా సిద్ధాంతం. దీనివల్ల ఎవరికేం ఒరిగింది? జవాబు కోసం బెంగళూరు వెళ్లాలి. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ. ప్రతి పిల్లవాడి చేతిలో ఓ పుస్తకం ఉండాలన్నది దాని లక్ష్యం. కానీ ఇన్ని భాషలున్న దేశంలో ఏ ఒక్క సంస్థా అన్ని భాషల్లో అచ్చువేయలేదు. గోండి మాట్లాడే బిడ్డ చేతికి గోండి కథ ఎవరిస్తారు? అచ్చువేస్తే కొనేవాళ్లెందరని ప్రచురణకర్త లెక్కలు కడితే ఆ పుస్తకం ఎప్పటికీ రాదు.

మామూలు పద్ధతిలో ఆదిలాబాద్ అడవుల్లోని ఓ పంతులు ఒక కథను పిల్లల భాషలోకి మార్చాలనుకుంటే ముందు ప్రచురణకర్తకు ఉత్తరం రాయాలి. జవాబు కోసం కాచుకోవాలి. ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పదహారు పేజీల బొమ్మల కథకు అంత తతంగమా అని మానేయడమే ఎక్కువగా జరుగుతుంది. 2008 నుంచి ప్రథమ్ బుక్స్ తన పుస్తకాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సులతో ఇవ్వడం మొదలెట్టింది. 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యత దినోత్సవాన, స్టోరీవీవర్ అనే డిజిటల్ గ్రంథాలయాన్ని తెరిచింది. అప్పుడు అందులో ఉన్నవి 24 భాషల్లో 800 కథలు. ఇప్పుడు భాషల సంఖ్యే 300 దాటింది. తెలుగు కథలూ బోలెడున్నాయి. సీజీనెట్ స్వరతో కలిసి గోండిలోకి కథలు తెచ్చే పని 2018లో జరిగింది.

ఈ కథల మీద ఉన్నది అన్నిటికన్నా ఉదారమైన బీవై లైసెన్సు. అంటే ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. అమ్ముకుంటే నష్టం కాదా? లక్ష్యం పిల్లలకు చేరడమైనప్పుడు, వేరొకరు సొంత ఖర్చుతో అచ్చువేసి సంతలో అమ్మినా ఆ లక్ష్యమే నెరవేరుతుంది. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. లైసెన్సు కథను చేరవేస్తుంది గానీ, కథకుడికి అన్నం పెట్టదు. ఆ ఖర్చు ముందుగానే ఎవరో ఒకరు భరించాలి. దాతో, ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో. ఆ ఏర్పాటు లేని రచయితను 'నువ్వూ ఉచితంగా ఇచ్చేయ్' అని ఒత్తిడి చేయడం అన్యాయం.

ప్రజల డబ్బుతో తయారైన వాటి విషయం వేరు. ఐఐటీల ఆచార్యులు ఎన్‌పీటీఈఎల్ ద్వారా చెప్పే పాఠాలు బీవై-ఎస్‌ఏ లైసెన్సుతో వస్తున్నాయి. 2013లో కేంద్రం బడి పిల్లల కోసం తెరిచిన విద్యా వనరుల భాండాగారానికీ అదే లైసెన్సు పెట్టారు. గోవా విశ్వవిద్యాలయం నాలుగు సంపుటాల కొంకణి విశ్వకోశాన్ని అదే ఏడాది అలాగే విడుదల చేసింది. పన్ను కట్టినవాడికే పాఠం దక్కాలన్న తర్కమిది.

సీత కోసం పాడిన పాటలు

హక్కుల చిక్కుల్లో పడి ఉదారంగా మారిన కథ ఒకటుంది. దానికి రామాయణంతో సంబంధముంది. అమెరికన్ యానిమేషన్ కళాకారిణి నీనా పేలీ 2008లో 'సీతా సింగ్స్ ది బ్లూస్' అనే చిత్రం పూర్తి చేశారు. సీత కథనూ చెదిరిపోయిన తన కాపురం కథనూ కలిపి అల్లారు. పాటల కోసం 1920ల నాటి గాయని ఆనెట్ హాన్షా రికార్డులు వాడారు. ఆ రికార్డింగుల గడువు తీరిందనుకున్నా, ఆ పాటల రచన, బాణీల మీద హక్కులు ఇంకా కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. వాటిని వదిలించుకోవడానికి ఆమెకు దాదాపు 50,000 డాలర్లు ఖర్చయింది.

అంత పోగొట్టుకున్నవారు తమ సినిమాకు తాళం వేసుకుంటారనుకుంటాం. పేలీ 2009లో దాన్ని బీవై-ఎస్‌ఏ లైసెన్సుతో లోకానికి వదిలేశారు. విరాళాలు, డీవీడీలు, సినిమాకు సంబంధించిన వస్తువుల అమ్మకాల మీద ఆధారపడ్డారు. 2013లో మరో అడుగు వేసి సీసీ జీరోకు మార్చారు. అందరికీ ఈ దారి కుదరదు. కానీ ఉచితంగా ఇవ్వడానికీ గిట్టుబాటుకూ ఎప్పుడూ వైరమే ఉండాలన్న నియమం లేదని ఆ సినిమా చెబుతుంది.

ఎక్కడ బోల్తా పడతారు

లైసెన్సు తెలియక పడే తిప్పలూ తక్కువేమీ కాదు. 2007లో ఆస్ట్రేలియాలో ఓ మొబైల్ కంపెనీ ప్రకటనల్లో అమెరికాలోని టెక్సాస్ బాలిక ఫొటో ప్రత్యక్షమైంది. పక్కనే ఆమెను వెక్కిరించే వ్యాఖ్య. ఆ ఫొటో తీసిన పరిచయస్థుడు దాన్ని ఫ్లికర్‌లో బీవై లైసెన్సుతో పెట్టారు. కంపెనీ తీసి వాడేసుకుంది. బాలిక కుటుంబం దావా వేసింది. ఆ కేసు టెక్సాస్ కోర్టు పరిధిలోకి రాదంటూ 2009లో కొట్టేశారు. కానీ పాఠం మిగిలింది. లైసెన్సు ఇచ్చేది ఫొటో తీసినవాడి హక్కును మాత్రమే. ఫొటోలో ఉన్న మనిషి అనుమతి వేరే సంగతి. పెళ్లిలోనో జాతరలోనో తీసిన పిల్లల ఫొటోలకు బహిరంగ లైసెన్సు పెట్టేముందు ఇది గుర్తుండాలి.

రెండో మెలిక ఎన్‌సీతో వస్తుంది. వ్యాపారం అంటే ఏది? బడి కోసం పుస్తకాన్ని జిరాక్స్ తీసిన దుకాణం డబ్బు తీసుకుంది. అది వ్యాపార వినియోగమేనా? అమెరికాలో గ్రేట్ మైండ్స్ అనే పాఠ్యపుస్తకాల సంస్థ సరిగ్గా ఇదే వాదనతో ఫెడెక్స్ మీద దావా వేసింది. వాడుకుంటున్నది బడి, దాని పని లాభాపేక్ష లేనిది, దుకాణం బడి చెప్పిన పని చేసిపెట్టిందంతే అని 2018లో అప్పీళ్ల కోర్టు తేల్చింది. జిరాక్స్ దుకాణం మీద కేసు మనకూ కొత్త కాదు. 2012లో మూడు విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసును కోర్టుకీడ్చాయి. అక్కడ ఉదార లైసెన్సు ఏదీ లేదు. చదువు కోసం చట్టమే ఇచ్చిన మినహాయింపు ఆధారంగా 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. అంటే లైసెన్సు లేకపోయినా వాడుకోగల చోట్లు కొన్ని చట్టంలోనే ఉన్నాయి. బహిరంగ లైసెన్సు వాటిని తగ్గించదు.

మూడోది పేరు. మన కళాకారుడికి చట్టంలోని 57వ సెక్షను ప్రత్యేక రక్షణ ఇస్తుంది. హక్కులు అమ్మేసినా, తన కృతికి తానే కర్తనని చెప్పుకునే హక్కు, పరువు తీసేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు పోవు. విజ్ఞాన్ భవన్ గోడ మీది తన శిల్పాన్ని ప్రభుత్వం పీకేసి పాడుచేసిందని పోరాడిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ హక్కు కిందే రూ. 5 లక్షల పరిహారమిప్పించింది. శిల్పం శకలాలనూ తిరిగి ఇమ్మంది. 4.0 లైసెన్సు ఈ నైతిక హక్కులను అవతలివారికి ధారాదత్తం చేయదు. లైసెన్సు ఇచ్చిన అనుమతులు వాడుకోవడానికి ఎంత అవసరమో అంతమేరకే వాటిని పట్టుబట్టనని యజమాని చేత ఒప్పిస్తుంది.

అక్షరాలకూ లైసెన్సు

తెలుగువారికి ఈ ఉదారత రోజూ కళ్లెదుటే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు బీవై-ఎస్‌ఏ లైసెన్సువి. పైసా పుచ్చుకోకుండా రాసినవారు కోరేది ఒక్కటే: మూలం చెప్పమని, అదే స్వేచ్ఛను ముందుకు అందించమని. అందులోంచి పేరాలకు పేరాలు ఎత్తి, ఎక్కడిదో చెప్పకుండా తమ పేరుతో వేసుకుంటే అది 'ఉచితం' కాదు, ఉల్లంఘన.

శుభలేఖల మీద, పోస్టర్ల మీద కనిపించే మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, పెద్దన, ధూర్జటి వంటి ఫాంట్ల వెనకా ఓ లైసెన్సు ఉంది. దాని పేరు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు. ప్రెస్సువాళ్లు డబ్బు తీసుకునే పనికీ ఈ ఫాంట్లను నిశ్చింతగా వాడొచ్చు. మార్చి కొత్త ఫాంటు చేయొచ్చు, అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. ఒకప్పుడు ఒక్కో కంప్యూటరుకు ఒక్కో ఫాంటు కొనుక్కున్న డీటీపీ సెంటర్లవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడో కొత్త ప్రశ్న ముందుకొచ్చింది. మనుషులు చదువుకోమని పంచిన రాతలను కృత్రిమ మేధ కంపెనీలు తమ యంత్రాలకు మేతగా వేయొచ్చా? పేరు చెప్పాలన్న షరతు యంత్రం మింగిన కోట్ల వాక్యాల్లో ఎలా నిలుస్తుంది? వార్తాసంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా ఈ వాదాన్ని మన గడపలోకి తెచ్చింది. 2002లో లైసెన్సులు రాసినవారు ఊహించని వాడకమిది.

లైసెన్సు పెట్టే ముందు

* అది పూర్తిగా మీదేనా? జీతం తీసుకుని ఉద్యోగంలో భాగంగా చేసిన పని హక్కు సాధారణంగా యజమానిదే. పాటకు రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు వేర్వేరైతే అందరూ ఒప్పుకోవాలి.

* ప్రచురణకర్తకు ఇప్పటికే హక్కులు రాసిచ్చారా? ఇచ్చేసినదాన్ని మళ్లీ లోకానికి ఇవ్వలేరు.

* వెనక్కి తీసుకోలేరు. రేపు మనసు మారితే పంచడం మానేయొచ్చు. కానీ ఈలోగా తీసుకున్నవారి అనుమతి పోదు.

* మీరు వాడుకుంటున్నప్పుడు నాలుగు సంగతులు రాయండి: కృతి పేరు, కర్త పేరు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్సు. మార్పులు చేస్తే ఆ సంగతీ చెప్పండి.

* సాఫ్ట్‌వేర్‌కు ఇవి వద్దని క్రియేటివ్ కామన్స్ సంస్థే చెబుతుంది. దానికి జీపీఎల్ వంటివి ఉన్నాయి.

ఈ జాబితాలో బరువైనది మూడోదే. లైసెన్సు పెట్టడం కన్యాదానం లాంటిది, ఒకసారి ధారపోశాక వెనక్కి తీసుకునేది కాదు. అందుకే రెండు నిమిషాలు ఆగి ఆలోచించాలి. మీ బొమ్మను ఎవరో టీషర్టు మీద అచ్చువేసి అమ్మితే బాధపడతారా? అయితే ఎన్‌సీ పెట్టుకోండి. మీ కథ ముగింపును ఎవరో మారిస్తే నిద్ర పట్టదా? ఎన్‌డీ మీకుంది. ఇవేవీ ఇష్టం లేకపోతే 'సర్వహక్కులూ నావే' అనడంలోనూ తప్పు లేదు. అది మీ కష్టం.

కానీ ఒక్కసారి అటువైపు నుంచీ చూడండి. ఎందరో తెలుగు రచయితల పుస్తకాలు ఒక్క ముద్రణతో ఆగిపోయాయి. రచయిత పోయారు, వారసులెక్కడున్నారో తెలియదు, పుస్తకం దొరకదు. అచ్చువేయడానికి ఎవరైనా ముందుకొచ్చినా అడగాల్సిన మనిషి లేడు. ఆ పుస్తకానికి చట్టం ఇచ్చిన 60 ఏళ్ల రక్షణ చివరికి దాన్ని చెదలకు అప్పగించింది. అలాంటి పుస్తకం మొదటి పేజీలో రచయిత బతికుండగా ఒక్క వాక్యం రాసిపెట్టి ఉంటే, నేడు ఏ కుర్రాడో దాన్ని టైపు చేసి మళ్లీ జనంలోకి తెచ్చేవాడు. ఆ వాక్యం ఏదో గాంధీకి 1910లోనే తెలుసు. అంత దూరం వెళ్లక్కర్లేదు. 'కొన్ని హక్కులు నావి, మిగతావి మీవి' అన్నా చాలు.